రెండో బహుమతి ఎవరికొచ్చింది సార్?

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూలు. నేను సోషల్ చెప్తాను. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు మీడియా గురించి, ‘ప్రపంచ పౌరసత్వం’ (అంటే దేశాల హద్దులు దాటి సాటి మనుషుల గురించి ఆలోచించడం) గురించి కూడా చెప్పమని ఈ ఏడాది శిక్షణలో అన్నారు. నెలకు రెండు పీరియడ్లు దొరికితే గొప్ప. మొదటి క్లాసులో ఫేక్ న్యూస్ లక్షణాలు బోర్డు మీద రాసి నోట్సు ఇచ్చాను. మర్నాడే అదే పిల్లలు ఒక ఉత్తుత్తి ఫార్వర్డ్ పట్టుకొచ్చి నిజమేనంటూ చూపించారు. ‘నిన్ననే కదరా చెప్పాను’ అంటే ఒకమ్మాయి, ‘మీ టీచర్ల గ్రూపులో కూడా వస్తాయి కదా టీచర్’ అంది. రెండో క్లాసు ఇంకా అన్యాయం. ‘ప్రపంచ పౌరసత్వం’ అని బోర్డు మీద రాయగానే ఒకబ్బాయి లేచి, ‘మా నాయిన పాస్‌పోర్టు కఫీలు దగ్గరుంది టీచర్. మరి ఆయన ఎక్కడి పౌరుడైతడు?’ అన్నాడు. కఫీలంటే గల్ఫ్‌లో పనిలో పెట్టుకున్న యజమాని. క్లాసంతా నవ్వింది. నాకు జవాబు తట్టలేదు. ఇది చాలదన్నట్టు ఒక తండ్రి వచ్చి, ‘మావాడు ఇంట్లో పెద్దోళ్లకే తప్పులు పడుతున్నాడు, ఇదేం చదువు’ అని వెళ్లాడు. అసలు దీన్ని ఎక్కడ మొదలుపెట్టాలి? 
— ఒక సోషల్ టీచర్

టీచర్ గారూ,

ముందు నా సంగతి చెప్తాను. సర్వీసులో ఉండగా ఒక ఆగస్టు 15న జెండా ఎగరేశాక మైకు పట్టుకుని, ‘మన జనగణమనను ప్రపంచంలోనే ఉత్తమ జాతీయ గీతంగా యునెస్కో ప్రకటించింది’ అని చెప్పేశాను. ఎవరో ఫోన్లో పంపారు, నేను నమ్మాను. చప్పట్లు మోగాయి. బూందీ పొట్లాలు పంచుతుంటే ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి దగ్గరికొచ్చి, ‘రెండో బహుమతి ఎవరికొచ్చింది సార్?’ అని అడిగింది. ఎగతాళికి కాదు. మన స్కూల్లో పాటల పోటీ పెడితే ఫస్టు, సెకండు, థర్డు ఉంటాయి కదా, ఇందులో మిగతావి ఎవరికి వచ్చాయోనని దాని ఆరాటం. ‘చూసి చెప్తానమ్మా’ అన్నాను. చూస్తే పోటీ లేదు, బహుమతీ లేదు. తాము అలాంటిదేదీ ప్రకటించలేదని యునెస్కో 2008లోనే చెప్పింది. నేను మైకు పట్టుకునేనాటికే ఆ సంగతి పాతబడింది. ఆ మాట ప్రార్థనలో మళ్లీ అదే మైకులో చెప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. మూడు రోజులు గొంతు నొప్పి వంక పెట్టాను.

ఇప్పుడు మీకిచ్చే సలహా అంతా ఆ పిల్ల దగ్గర నేర్చుకున్నదే. మనకు నచ్చిన అబద్ధంతో మొదలుపెట్టండి.

మనం సాధారణంగా ఎదుటివాళ్ల అబద్ధాలతో మొదలుపెడతాం. మనకు గిట్టని పార్టీదో, మనది కాని మతానిదో, పక్క దేశానిదో తీసుకుని చీల్చి చెండాడతాం. పిల్లలకు అది తమాషాగా ఉంటుంది, కానీ ఏమీ నేర్చుకోరు. నచ్చని మాట దగ్గర అందరూ లాయర్లే. ఒంటి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకునేలా చేసే మాట దగ్గర ఆగగలమా లేదా అన్నదే పరీక్ష. మీరిచ్చిన నోట్సు కూడా అందుకే పనిచేయలేదనుకుంటాను. ‘అక్షర దోషాలుంటాయి, పది మందికి పంపమని ఉంటుంది’ లాంటి గుర్తులు పిల్లలు పరీక్షకు రాస్తారు, మార్కులూ తెచ్చుకుంటారు. ఇప్పటి అబద్ధాలు తెలుగు వాచకం కంటే శుభ్రంగా అచ్చవుతున్నాయి.

మీ గ్రూపు సంగతి ఎత్తిన అమ్మాయి ఉంది చూశారూ, ఆమెతోనే మొదటి పీరియడ్ నడిపించండి. టీచర్ల గ్రూపులో వచ్చిన ఫార్వర్డే ఒకటి తీసుకుని, పంపినవాళ్ల పేరు చెరిపి, ‘ఇది మాకొచ్చింది, మేమూ నమ్మాం, తేల్చండి’ అనండి. పిల్లలకు అంతకంటే పండగ ఉండదు. టీచరు తప్పును పట్టుకోవడానికి వాళ్లు పెట్టే శ్రద్ధలో సగం పాఠం మీద పెడితే రాష్ట్రం ర్యాంకులన్నీ మీ స్కూలువే.

ఏది తీసుకోవాలో తోచకపోతే దీపావళి ఫొటో తీసుకోండి. ‘దీపావళి రాత్రి అంతరిక్షం నుంచి భారతదేశం, నాసా తీసిన చిత్రం’ అని ఏటా తిరుగుతుంది. నల్లటి భూమి మీద తెలుపు, నీలం, ఆకుపచ్చ, ఎరుపు చుక్కలతో దేశమంతా రంగుల దీపాల్లా వెలుగుతుంటుంది. దాన్ని పిల్లల ముందు పెట్టి ‘నిజమా, అబద్ధమా’ అని అడక్కండి. అలా అడిగితే ‘అబద్ధం టీచర్’ అనేస్తారు. మీరు అడిగారంటేనే అబద్ధమై ఉంటుందని వాళ్లకు తెలుసు. దాని బదులు ‘రెండో బహుమతి’ ప్రశ్న అడిగించండి. దీపాలైతే ఒక్కో చోట ఒక్కో రంగెందుకుంది? ఎర్ర దీపాలు కొన్ని వైపులే ఎందుకు పెట్టారు? పండగ లేని పక్క దేశాల్లో కూడా చుక్కలెందుకున్నాయి? ఇలా ఒక పది నిమిషాలు వాళ్లనే వాదించుకోనివ్వండి.

తర్వాత అసలు సంగతి చెప్పండి. అది ఒక్క రాత్రి ఫొటో కాదు. అమెరికా వాతావరణ సంస్థ నోవాకు చెందిన శాస్త్రవేత్త ఒకరు ఉపగ్రహ సమాచారంతో తయారుచేసిన పటం. తెల్లవి 1992కు ముందు నుంచీ ఉన్న వెలుగులు, నీలం 1992లో కనిపించినవి, ఆకుపచ్చ 1998లో, ఎరుపు 2003లో. అంటే పదేళ్లలో మన ఊళ్లు ఎలా పెరిగాయో, కరెంటు ఎటు పాకిందో చూపే బొమ్మ. నాసా 2012లో ఈ గొడవ తేల్చడానికి నిజమైన దీపావళి రాత్రి చిత్రాన్ని విడుదల చేసింది. అందులో రంగుల్లేవు. మన ప్రమిదల వల్ల అదనంగా వచ్చే వెలుగు అంతరిక్షం నుంచి గుర్తుపట్టలేనంత తక్కువని కూడా చెప్పింది.

ఇక్కడితో ఆపేస్తే పిల్లల చేతిలో ఉన్న మంచి బొమ్మ లాక్కున్నట్టే. ‘మన దేశం వెలిగిపోతోంది’ అన్న సంతోషం తీసేసుకుని, బదులుగా ఏమిచ్చాం? అందుకని ఇంటిపని ఇవ్వండి. మీ ఇంటికి కరెంటు ఎప్పుడొచ్చిందో నాయనమ్మనో తాతనో అడిగి రాసుకురమ్మనండి. మొదటి రాత్రి బల్బు వెలిగినప్పుడు ఎవరెవరు చూడ్డానికొచ్చారు, ముందు ఏ ఇంటికి ఇచ్చారు, చివర ఏ వాడకు ఇచ్చారు. ఆ కాగితాలు తెచ్చాక పటంలో మీ జిల్లా ఎక్కడుందో వేలు పెట్టించండి. ఫార్వర్డ్ కంటే నిజం రుచిగా ఉందని పిల్లలు ఒక్కసారి నాలుక మీద చూడాలి. ఈ ఒక్క పనికి రెండు పీరియడ్లు పోతే పోనివ్వండి.

తేల్చుకునే పద్ధతి గురించి నేను పిల్లలకు చెప్పే పోలిక ఒకటుంది. పెళ్లి సంబంధం వస్తే అబ్బాయి ఎలాంటివాడో అబ్బాయినే కూర్చోబెట్టి అడుగుతామా? వాళ్ల వీధి చివర కిరాణా కొట్లో వాకబు చేస్తాం. మెసేజీ అయినా, వెబ్‌సైటు అయినా అంతే. దాని ముఖం ఎంత సేపు చూసినా అది చెప్పదలుచుకున్నదే చెప్తుంది. దాన్నొదిలి బయటికొచ్చి, దీని గురించి మిగతావాళ్లు ఏమంటున్నారో చూడాలి. 2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు చరిత్ర చదివిన పీహెచ్‌డీలను, తమ విద్యార్థులను, వృత్తిగా ఫ్యాక్ట్ చెక్ చేసేవాళ్లను కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి చూశారు. అంత చదివిన చరిత్రకారులు కూడా సైటు హుందాతనం చూసి తడబడ్డారు. ఫ్యాక్ట్ చెకర్లు మాత్రం ఆ పేజీలో నిలవకుండా పక్క ట్యాబులు తెరిచి వాకబుకు బయల్దేరారు. మీకు ఒక్క ఫోనే ఉన్నా చాలు. ఫొటో అయితే గూగుల్ లెన్స్‌లో పెట్టి, అదే ఫొటో ఇంతకుముందు ఎక్కడ, ఏ ఏడాది కనిపించిందో చూపించండి. తెలుగులో ఫ్యాక్ట్‌లీ లాంటివాళ్లు తేల్చి పెట్టినవి కూడా ఉంటాయి, కానీ అవి ముందే చూపించకండి. గైడు చూసి లెక్క చేసినట్టవుతుంది.

ఇక ప్రపంచ పౌరసత్వం. ఆ మాట బోర్డు మీద రాయకండి. ఐక్యరాజ్యసమితి 2015లో పెట్టుకున్న లక్ష్యాల్లో 4.7 అని ఒకటుంది, అందులోంచి వచ్చింది. మాట మంచిదే గానీ తొమ్మిదో తరగతి పిల్లవాడికి అది ఎగ్జిబిషన్లో జెండాల చార్టులా వినిపిస్తుంది. మీడియా పాఠం వేరు, ఇది వేరు అని రెండు పీరియడ్లుగా విడగొట్టారు చూడండి, చిక్కంతా అక్కడే వచ్చింది. నన్నడిగితే రెండూ ఒకే పాఠం.

2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాల పుకారు గుర్తుందా? మన రెండు రాష్ట్రాల్లోనూ అమాయకుల్ని పట్టుకుని కొట్టారు. దేశంలో చాలా చోట్ల ప్రాణాలు పోయాయి. అప్పుడు తిరిగిన వీడియోల్లో ఒకటి: సందులో పిల్లలు క్రికెట్ ఆడుకుంటుంటే బైకు మీద ఇద్దరు వచ్చి ఒక పిల్లవాణ్ణి లాక్కుని పోతారు. అంతే, అక్కడితో అయిపోతుంది. అసలు వీడియో అక్కడితో అవదు. బైకు వెనక్కి తిరిగొస్తుంది, పిల్లవాణ్ణి దింపుతారు, చేతిలో ఒక అట్ట పట్టుకుని చూపిస్తారు. పిల్లవాణ్ణి ఎత్తుకుపోవడానికి ఒక్క క్షణం చాలు, జాగ్రత్త అని దాని భావం. అది పాకిస్తాన్‌లోని కరాచీలో తప్పిపోయిన పిల్లల కోసం పనిచేసే ఒక సంస్థ చేయించిన ప్రచార చిత్రం. తల్లిదండ్రుల్ని మేలుకొలపడానికి తీసింది. ఎవడో చివర కత్తిరించి మన మీదికి వదిలాడు.

ఆ జులైలో కర్ణాటకలోని బీదర్ జిల్లాలో ఇదే అనుమానంతో హైదరాబాద్ యువ ఇంజనీరు ఒకతన్ని జనం కొట్టి చంపారు. స్నేహితులతో వెళ్తూ దారిలో ఆగి పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారట. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. అప్పట్లో గద్వాల వైపు ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసుల్ని ఊరూరా తిప్పి, పాటలతో, డప్పులతో జనానికి చెప్పించారు. ఫోన్లో వచ్చినదాన్ని ఊరి రచ్చబండ దగ్గర ఎదుర్కొన్నారన్నమాట. మీ పిల్లలకు ఇది చెప్పండి, వాళ్లలో పాడేవాళ్లుంటే ఒక పాట కట్టమనండి.

చాక్లెట్ల సంగతి చెప్పాక క్లాసు నిశ్శబ్దమైపోతుంది. అప్పుడు నెమ్మదిగా అడగండి: ఆ కరాచీ వాళ్లు ఆ వీడియో ఎందుకు తీశారు? అక్కడి తల్లికి దేని గురించి భయం? మీ అమ్మకు దేని గురించి? ఇంకేమీ చెప్పనక్కర్లేదు. ‘ప్రపంచంలోని తల్లులందరూ ఒకటే’ అని మీరు అన్నారంటే పాఠం చెడినట్టే. పిల్లలకు తోచనివ్వండి. వీడియో క్లాసులో చూపించాలనుకుంటే పూర్తిది చూపించండి, ముందు ఇంట్లో ఒకసారి చూసుకుని. కత్తిరించినది చూపించకండి. పిల్లల ఫోన్లలోకి మళ్లీ మనమే ఎక్కించినవాళ్లమవుతాం.

సినిమా మాటొస్తే పిల్లలు కళ్లు పెద్దవి చేస్తారు కాబట్టి రష్మిక డీప్‌ఫేక్ కూడా పనికొస్తుంది. 2023 నవంబరులో ఆ వీడియో తిరిగినప్పుడు అందరం రష్మిక గురించే మాట్లాడుకున్నాం. కానీ ఆ శరీరం బ్రిటన్‌లో ఉండే వేరే అమ్మాయిది. ఆమె మామూలుగా పెట్టుకున్న వీడియో తీసుకుని ముఖం మార్చారు. చేసినవాడు ఎక్కడో విదేశీ హ్యాకరనుకుంటారు పిల్లలు. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు పట్టుకున్నది మన గుంటూరు జిల్లా కుర్రాణ్ణి, ఇంజనీరింగ్ చదివినవాణ్ణి. రష్మిక అభిమానిగా నడిపే పేజీకి ఫాలోవర్లు పెంచుకోవడానికి చేశాడని పోలీసులు చెప్పారు. గుంటూరులో కూర్చుని సముద్రాలవతల ఉన్న అమ్మాయి పరువు తీశాడు. ఆమె పేరు మన వార్తల్లో ఎంతమందికి గుర్తుంది? ఈ పీరియడ్‌లో ఆడపిల్లలకు ఒక్క మాట తప్పకుండా చెప్పండి. ఎవరైనా ఫొటో మార్చి బెదిరిస్తే తప్పు తమది కాదనీ, మీతోనో ఇంట్లోనో చెప్పాలనీ, చైల్డ్‌లైన్ 1098, సైబర్ క్రైమ్ 1930 నంబర్లున్నాయనీ. అబ్బాయిల ముందే చెప్పండి.

ఒక హెచ్చరిక. ఇలా రెండు నెలలు నడిచాక పిల్లలకు కొత్త జబ్బు పట్టుకుంటుంది. ఏది చూసినా ‘ఫేక్ టీచర్’ అంటారు. పేపర్లు ఫేకు, టీవీలు ఫేకు, చంద్రుడి మీదికి వెళ్లింది కూడా ఫేకు. తెలివి ముదిరిందని మనం మురుస్తాం. నాకైతే అన్నీ నమ్మేవాడి కంటే ఏదీ నమ్మనివాడి మీదే ఎక్కువ దిగులు. 2020 ఫిబ్రవరిలో చికెన్ తింటే కరోనా వస్తుందన్న పుకారుకు కోళ్ల రైతులు కుదేలైపోతే, మంత్రులు హైదరాబాద్‌లో వేదికెక్కి అందరి ముందూ చికెన్ తిని చూపించాల్సి వచ్చింది. డాక్టర్ల మాట, పేపర్ల మాట ఎవరికీ ఆనకపోతే ఇదీ గతి. అందుకని మూడు అబద్ధాలకు ఒక నిజం కలపండి. నమ్మశక్యం కానట్టుండి నిజమైనది ఒకటి పిల్లల చేత తేల్పించి, ‘ఇది నమ్మొచ్చు టీచర్, ఎందుకంటే...’ అని వాళ్ల నోటే అనిపించండి. రెండు దినపత్రికల జిల్లా పేజీలు తెచ్చి ఒకే సంఘటన ఎలా రాశారో చూపించడానికి టీ కొట్టు వాడు పాత పేపర్లు ఇస్తాడు.

పార్టీలు, మతాల ఫార్వర్డులు మొదటి మూడు నెలలు క్లాసులోకి రానివ్వకండి. పిరికితనం అనుకున్నా సరే. పిల్లలు వాటిని ఎలాగూ తెస్తారు, అప్పుడు ‘ఈ ఫొటో ఎప్పటిది, ఎక్కడిది’ వరకే తేల్చండి, మంచీచెడూ జోలికి పోకండి.

ఆ తండ్రి మాటకొస్తే, ఆయన కోపంలో న్యాయం ఉంది. పదమూడేళ్ల పిల్లవాడు బంధువుల ముందు ‘అది ఫేక్ నాన్నా’ అంటే ఎవరికైనా చివుక్కుమంటుంది. తప్పు పట్టడం నేర్పినంత శ్రద్ధగా తప్పు చెప్పే పద్ధతి మనం నేర్పలేదు. ‘నాన్నా, ఇది ఎక్కడి నుంచి వచ్చిందో ఇద్దరం చూద్దామా’ అని అడగడం, అది కూడా ఎవరూ లేనప్పుడు. క్లాసులో ఇద్దరేసి పిల్లల్ని తండ్రీకొడుకులుగా నిలబెట్టి ఆడించండి, బాగా నవ్వుకుంటారు, పని కూడా జరుగుతుంది. హెచ్ఎం గారు సిలబస్ అంటే పౌరశాస్త్రంలోని ప్రాథమిక విధులు చూపించండి. శాస్త్రీయ దృక్పథం, మానవత్వం, ప్రశ్నించే తత్వం పెంపొందించుకోవడం 51ఎ అధికరణలోనే ఉంది. కరెంటు ముచ్చట్ల కాగితాల్ని ప్రాజెక్టు పనిగా ఎఫ్ఏ (స్కూల్లో మనమే వేసే మార్కులు)లో వేసుకోండి, మీకు వేరే రికార్డు రాసే బాధ తప్పుతుంది.

ఇప్పుడు పాస్‌పోర్టు అబ్బాయి. ఆ పిల్లవాడి మాటకు మీరు నవ్వలేదని నా నమ్మకం. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు పిల్లలకు ప్రపంచాన్ని మనం కొత్తగా పరిచయం చేసేదేముంది? దుబాయ్‌లో టైము మనకంటే గంటన్నర వెనక అని భూగోళం పాఠానికి ముందే తెలుసు వాళ్లకు, నాన్న ఫోను ఎప్పుడొస్తుందో తెలుసు కాబట్టి. నాన్నలు అక్కడ నేపాలీలతో, బంగ్లాదేశీలతో, పాకిస్తానీలతో కలిసి పనిచేస్తారు. వీలైన పిల్లల్ని ఫోన్లో అడగమనండి: నాన్నా, నీతో పనిచేసేవాళ్లది ఏ ఊరు, వాళ్ల ఇంట్లో పిల్లలేం చదువుతున్నారు, మీరు ఏ భాషలో మాట్లాడుకుంటారు? పెషావర్ వాడో, చిట్టగాంగ్ వాడో ఒకడు పేరుతో సహా క్లాసులోకి వస్తాడు. ఆ తర్వాత ఆ దేశాల మీద వచ్చే ఫార్వర్డుని పిల్లలు కొంచెం ఆగి చదువుతారు. అందర్నీ బలవంతం చేయకండి. గల్ఫ్ నుంచి పెట్టెలో తిరిగొచ్చిన తండ్రుల పిల్లలు కూడా మీ బెంచీల్లో ఉండొచ్చు.

ఈ పిల్లల అన్నలకు ఫోన్లలో వచ్చే విదేశీ ఉద్యోగాల ప్రకటనలు కూడా ఒక పీరియడ్‌కు తెప్పించండి. 2024 మే నెలలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కేసు చెప్పండి. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మించి మన కుర్రాళ్లను కాంబోడియా తీసుకెళ్లి, అక్కడ నిర్బంధించి, తిరిగి మనవాళ్లకే ఫోన్లు చేసి మోసం చేసే పనిలో పెట్టారు. ఏజెంటుకు అనుమతి ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడొచ్చు. ఆ జాబితాలో పేరు వెతకడం తొమ్మిదో తరగతి పిల్లలకు వస్తే, ఊళ్లో చదువురాని వాళ్లింటికి వాళ్లే వెళ్లి చూసి పెడతారు.

పాస్‌పోర్టు యజమాని దగ్గరుంచుకోవచ్చా అన్నది కూడా ‘అందరూ అలాగే చేస్తారు’ అని మనం నమ్మేసిన ఒక ఫార్వర్డే. యూఏఈ 2021లో తెచ్చిన కార్మిక చట్టం యజమాని కార్మికుడి పత్రాలు పట్టి ఉంచుకోకూడదంటుంది. అయినా పట్టి ఉంచుకునేవాళ్లున్నారు. ఇలాంటి ఫిర్యాదులకు విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్ ఉంది. చట్టంలో ఏముంది, ఎవరు చెప్తున్నారు, ఎక్కడ రాసి ఉంది అని పిల్లలు వాకబు చేయదగ్గ ప్రశ్న ఇది, దానికి జవాబు దొరికితే ఒక ఇంటికి నిజంగా అక్కరకొస్తుంది. కానీ ఇది క్లాసులో ఎత్తకముందు ఆ అబ్బాయిని విడిగా పిలిచి, వాళ్లమ్మ ఒప్పుకుంటుందేమో కనుక్కోండి. నాన్న ఉద్యోగానికి చేటు వస్తుందని భయపడితే అక్కడితో వదిలేయండి.

మీరు ఉత్తరంలో ఆయన ఏ దేశంలో ఉన్నాడో రాయలేదు. చట్టం దేశానికొకటి కాబట్టి ముందు అది అడగండి.